కాపలా లేని తలుపులు

బాగ్దాద్ తూర్పు వైపున కెనాల్ హోటల్ అని ఒక మూడంతస్తుల మేడ ఉండేది. పేరుకు హోటలే గాని అందులో బస చేసేవాళ్లు ఉండేవారు కాదు. ఉన్నవన్నీ ఐక్యరాజ్యసమితి ఆఫీసులు. 2003 ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున్నే ఆ గేటు ముందుకు రండి. స్వెట్టర్ లేకుండా నిలబడలేని చలి. దేశదేశాల విలేకరులు కార్ల ఇంజన్లు ఆపకుండా కాచుక్కూర్చున్నారు. గేటు తెరుచుకుంటుంది. తెల్ల జీపులు వరసగా బయటికొస్తాయి. వాటి వెనకాలే ఇరాక్ ప్రభుత్వ మనుషుల కార్లు, ఆ వెనక విలేకరులు. ఇవాళ ఎటు పోతున్నారో ముందు జీపులో కూర్చున్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకరోజు ఎరువుల ఫ్యాక్టరీ, ఒకరోజు మందుల కంపెనీ, ఒకరోజు యూనివర్సిటీ ల్యాబు. జీపులు ఆగగానే ఇన్‌స్పెక్టర్లు దిగుతారు, అన్ని వైపులా దారులు మూయిస్తారు, రికార్డులు అడుగుతారు, మట్టి తీస్తారు, నీళ్లు పడతారు, ట్యాంకుల మీద సీళ్లు సరిచూస్తారు.

2002 నవంబరు 27 నుంచి ఇదే పని. వెళ్లిపోయేనాటికి వాళ్లు చేసిన తనిఖీలు 700కు పైనే. వెతుకుతున్నది సద్దాం హుస్సేన్ దాచాడని అమెరికా చెబుతున్న సామూహిక జనహనన ఆయుధాల కోసం. రసాయనాలు నింపడానికి పనికొచ్చే ఖాళీ రాకెట్ తలలు డజను దొరికాయి. అల్ సమూద్ అనే క్షిపణి అనుమతించిన 150 కిలోమీటర్లకు మించి పోతోందని తేలింది. నాశనం చెయ్యమన్నారు. మార్చి 1 నుంచి తాజీలో బుల్డోజర్లు వాటిని నలిపేస్తున్నాయి. ఏ దేశం మీద దాడికి లక్షన్నర మంది సైనికులు సరిహద్దులో కూడారో, ఆ దేశం తన క్షిపణుల్ని తనే తొక్కించుకుంటోంది. తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ ఇంకొన్ని నెలలు టైమివ్వండి, ఏళ్లు అక్కర్లేదు అంటున్నాడు. అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ మరీ తెగేసి చెప్పాడు: నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొనబోయిందని చూపిస్తున్న కాగితాలు దొంగవి.

ఇప్పుడు న్యూయార్క్ పోదాం. ఫిబ్రవరి 5, ఐక్యరాజ్యసమితి భవనం. భద్రతామండలి గది బయట పికాసో వేసిన గెర్నికా చిత్రానికి నేతలో తీసిన నకలు ఒకటి గోడకు ఉంటుంది. బాంబులు పడ్డ ఊరు అది. చచ్చిన బిడ్డను ఒళ్లో వేసుకుని పైకి చూసి అరిచే తల్లి, మెడ తిప్పి సకిలించే గుర్రం. ఇవాళ దాని మీద నీలం తెర కప్పేశారు.

లోపల గుర్రపు నాడా ఆకారంలో బల్ల. అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ మాట్లాడుతున్నాడు. ఆయన వెనక కుర్చీలో సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్. అలా కూర్చోమని పావెలే పట్టుబట్టాడు, చెప్పేదానికి పూచీ ఉందని లోకానికి కనిపించాలని. పావెల్ రెండు వేళ్ల మధ్య చిన్న సీసా పైకెత్తాడు. ఆంత్రాక్స్ పొడి ఒక చెంచా చాలు అని చూపించడానికి తెచ్చిన నమూనా అది. తర్వాత తెర మీద లారీల బొమ్మలు. చక్రాల మీద తిరిగే విషక్రిముల కర్మాగారాలట. పరీక్షగా చూడండి, అవి ఫొటోలు కావు. ఎవరో చెప్పింది విని చిత్రకారులు గీసినవి. చెప్పినవాడు జర్మనీలో ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ ఇంజనీరు. గూఢచారులు అతనికి పెట్టుకున్న పేరు కర్వ్‌బాల్. ఈ ప్రసంగానికి ముందు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నించి నిజం రాబట్టిన అమెరికన్ అధికారి లేడు. సద్దాం పోవాలని కట్టుకథ చెప్పానని 2011లో అతనే ఒప్పుకున్నాడు. పావెల్ నోట ఆ రోజు పదే పదే వచ్చిన పేరు ఇంకొకటుంది, అబూ ముసబ్ అల్ జర్కావీ. సద్దాంకూ అల్ ఖాయిదాకూ మధ్య లంకె అతనేనట. ఆ లంకె తేలలేదు. కానీ ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

ఎందుకు ఇంత తొందర? 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో రెండు టవర్లు కూలాక అమెరికా పాలకులకు ఎదురుచూడడమే ప్రమాదం అనిపించింది. 1991 యుద్ధంలో సద్దాంను కువైట్ నుంచి తరిమి బాగ్దాద్ దాకా పోకుండా ఆగడం తప్పని వాళ్లలో కొందరు పదేళ్లుగా అనుకుంటున్నారు. ఇరాక్‌లో ప్రభుత్వాన్ని మార్చడమే అమెరికా విధానమని 1998లోనే చట్టం చేశారు. ఒక్క దేశాన్ని మారిస్తే పశ్చిమాసియా అంతా మారుతుందని నమ్మినవాళ్లున్నారు. బాగ్దాద్‌లో పూలతో ఎదురొస్తారని చెప్పిన ప్రవాస నేతలున్నారు. చమురు లెక్కలు ఎలాగూ ఉన్నాయి. సద్దాం సంగతీ చెప్పాలి. 1988లో హలబ్జాలో విషవాయువు వదిలి వేలమంది కుర్దుల్ని చంపినవాడు, 1991లో తిరగబడ్డ షియాల్ని గోతుల్లో పూడ్చినవాడు. ఆయుధాలు పోయాయన్న సంగతి ఇరాన్‌కు తెలిస్తే అలుసైపోతానని, ఉన్నట్టూ లేనట్టూ నాటకమాడాడు. యుద్ధం కావాలన్నవాళ్లకు ఆ నాటకం చేతికందిన సాకు అయింది.

ఇవన్నీ కారణాలే. అయితే కారణాలు పేర్చి నిర్ణయానికి రాలేదు, ముందు నిర్ణయం జరిగింది. 2002 జులై 23న లండన్‌లో ప్రధాని టోనీ బ్లెయిర్ దగ్గర జరిగిన సమావేశం మినిట్స్ తర్వాత బయటపడ్డాయి. వాషింగ్టన్ వెళ్లొచ్చిన బ్రిటిష్ గూఢచారి విభాగం అధిపతి అందులో చెప్పిందేమిటంటే, అక్కడ యుద్ధం ఖాయమైపోయింది, దానికి తగ్గట్టు ఆధారాలు సర్దుతున్నారు అని. నా దృష్టిలో ఈ యుద్ధం మొత్తానికి తాళంచెవి ఈ ముక్కలో ఉంది. తెలిసినవాళ్లు చెప్పారు, విన్నవాళ్లు పక్కన పెట్టారు. ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్లినా మీకు కనిపించేది ఇదే.

ఫిబ్రవరి 15. లండన్ వీధుల్లో పది లక్షల మంది. రోమ్, మాడ్రిడ్, బార్సిలోనా, ప్రపంచమంతా అదే వారాంతం, అదే కేక. ఫిబ్రవరి 25. అమెరికా సెనేట్ కమిటీ ముందు సైన్యాధిపతి ఎరిక్ షిన్సెకీని అడిగారు, యుద్ధం గెలిచాక దేశాన్ని నిలబెట్టడానికి ఎంతమంది సైనికులు కావాలని. కొన్ని లక్షల మంది, అన్నాడాయన. రెండు రోజులకే రక్షణశాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ ఆ లెక్క శుద్ధ తప్పని కొట్టిపారేశాడు. మార్చి 1. తమ నేల మీదుగా అమెరికా సైన్యం పోవడానికి టర్కీ పార్లమెంటు ఒప్పుకోలేదు. భద్రతామండలిలో యుద్ధానికి అనుమతించే రెండో తీర్మానానికి ఓట్లు దొరకవని తెలిసి అది ఓటింగుకే పెట్టలేదు. మార్చి 17న బ్రిటన్ మంత్రి రాబిన్ కుక్ రాజీనామా చేసి, కారణాలు సభలో నిలబడి చెప్పాడు. మర్నాడు అదే సభ 412 ఓట్లకు 149తో యుద్ధానికి సరేనంది. అదే రోజు కెనాల్ హోటల్లో ఇన్‌స్పెక్టర్లు పెట్టెలు సర్దుకుని విమానం ఎక్కారు.

బాగ్దాద్‌లో ఒక ఇంట్లోకి అడుగు పెట్టండి. కిటికీ అద్దాలకు గుణకారం గుర్తులా టేపు. పెరట్లో కొత్తగా తవ్విన బావి, ఇంకా మట్టి కుప్ప ఎత్తలేదు. పన్నెండేళ్లుగా ఆంక్షల్లో బతికిన దేశమిది. రేషన్ మీద నడిచే ఇళ్లే ఎక్కువ. పిండి, బియ్యం, పంచదార, టీ పొడి, నూనె, పప్పు. యుద్ధం వస్తుందని ప్రభుత్వం కొన్ని నెలల సరుకు ముందే ఇచ్చేసింది. మూల గదిలో బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, బకెట్ల నిండా నీళ్లు. బాంబు షెల్టర్‌కు పోదామని మాత్రం ఎవరూ అనరు. 1991లో ఫిబ్రవరి 13 వేకువన అమీరియా షెల్టర్ మీద అమెరికా బాంబులు రెండు పడి 400 మందికి పైగా, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, లోపలే కాలిపోయారు. అప్పట్నుంచి బాగ్దాద్ వాళ్లకు ఇల్లే షెల్టర్.

మార్చి 20, తెల్లవారుజాము ఐదున్నర దాటింది. సైరన్. సద్దాం ఉన్నాడని చెప్పిన దోరా ఫార్మ్స్ మీద బాంబులు పడ్డాయి. అతను అక్కడ లేడు. మొదటి దెబ్బే తప్పుడు సమాచారం మీద పడింది.

అదే రోజు కువైట్‌లోనూ సైరన్లు మోగాయి. ఇరాక్‌కు దక్షిణంగా ఉన్న ఈ చిన్న దేశం ఉత్తర భాగాన్ని నెల ముందే మూసేసి సైన్యానికి ఇచ్చారు. ఇరాక్ వదిలిన క్షిపణుల్ని పేట్రియట్ రక్షణ క్షిపణులు గాల్లోనే పేల్చడం ఆ నగరమంతా వింటోంది. అక్కడి ఇళ్లలో వంట చేసేది, పిల్లల్ని చూసేది, కార్లు నడిపేది, చాలా చోట్ల మనవాళ్లే. రాయచోటి, రాజంపేట నుంచి వచ్చినవాళ్లు, కోనసీమ నుంచి వచ్చినవాళ్లు. యజమాని కుటుంబం ఊరు దాటినా ఇల్లు చూసుకోవాల్సింది వీళ్లే. కడప జిల్లా పల్లెల్లో ఆ వారం ఫోన్ ఉన్న ఇంటి అరుగు మీద ఎప్పుడూ నలుగురు ఆడవాళ్లు కూర్చునే ఉండేవారు. అవతల గొంతు వినబడి, బాగున్నాం అన్న మాట చెవిన పడేదాకా లేచేవారు కాదు. ఏ సంకీర్ణ సేనల లెక్కలోనూ వీళ్లు లేరు.

అమెరికా కూడగట్టిన ఆ సంకీర్ణంలో దాడికి దిగిన సైన్యాలు చెప్పుకోదగ్గవి నాలుగే: అమెరికా, బ్రిటన్, రెండు వేల మందితో ఆస్ట్రేలియా, రెండు వందల లోపు మందితో పోలెండ్. మూడు వారాల యుద్ధాన్ని త్వరగా దాటేద్దాం. బాగ్దాద్ చుట్టూ కందకాల్లో చమురు పోసి అంటించారు. ఆకాశం నల్లబడింది. మార్చి 25, 26న ఇసుక తుఫాను వచ్చి ఊరంతా నారింజ రంగు తిరిగింది, ఆ ఇసుకలోంచి బురద వాన కురిసింది. అల్ షాబ్ బజారులో, రెండు రోజులకు షులాలో, సంతకొచ్చిన జనం పేలుళ్లలో చచ్చిపోయారు. ఏప్రిల్ 3 రాత్రి కరెంటు పోయింది. కరెంటు పోతే నీళ్లూ పోతాయి. ఇది గుర్తుంచుకోండి. ఏప్రిల్ 9న ఫిర్దౌస్ చౌరస్తాలో సద్దాం విగ్రహాన్ని అమెరికన్ సైనిక వాహనం గొలుసు కట్టి లాగింది. చెప్పులతో కొట్టినవాళ్ల సంతోషం నిజమే. అన్న, తమ్ముడు, తండ్రి జైళ్లలో మాయమైపోయిన ఇళ్లవి. దాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు.

అసలు కథ మర్నాడు మొదలైంది.

ఏప్రిల్ 10. టైగ్రిస్‌కు పడమటి వైపున ఇరాక్ జాతీయ మ్యూజియం. ఆ దగ్గర్లో పోరు ముదిరేసరికి రెండు రోజుల క్రితం అధికారులు వెళ్లిపోయారు. గేట్లు విరుగుతున్నాయి. కరెంటు లేదు కాబట్టి నేలమాళిగలో దూరినవాళ్లు స్పాంజి ముక్కలు అంటించి దివిటీలు చేసుకున్నారు. కాలిన స్పాంజి వాసన, నల్లటి పొగ, కాళ్ల కింద గాజు పెంకులు. పై హాలులో వర్కా కలశం. పాలరాయిలాంటి రాయి, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, వయసు అయిదు వేల ఏళ్లు. కిందినుంచి పైకి వరసలుగా చెక్కారు. అడుగున నీళ్లు, దాని మీద పంట, దాని మీద గొర్రెలు, ఆ పైన బుట్టలు మోసుకొస్తున్న మనుషులు, అన్నిటికన్నా పైన దేవత ముందు నైవేద్యం. ఊళ్లు, రాజులు, పూజలు అన్నవి మొదలైన కాలంలో మనుషులు తమ లోకాన్ని చూసుకున్న తీరు అది. దాన్ని పీఠానికి సిమెంటు చేసి ఉంచారు. లాగితే రాలేదు. పీకారు. పాదం దగ్గర విరిగింది.

మ్యూజియం ఉద్యోగి ఒకడు పరుగున పోయి వీధి చివరనున్న అమెరికన్ ట్యాంకును బతిమాలాడు. ఇక్కడిదాకా జరిగి గేటు ముందు నిలబడితే చాలు. మాకు ఆర్డర్లు లేవు, అన్నారు. ఆ ట్యాంకు వాళ్లను నేను తప్పుపట్టలేను. వాళ్లకు నిజంగానే ఆర్డర్లు లేవు. పురావస్తు పండితులు జనవరిలోనే పెంటగాన్‌కు పోయి, కాపాడాల్సిన చోట్ల చిట్టా ఇచ్చారు. ఇరాక్ పాలన కోసం అమెరికానే పెట్టిన ఆఫీసు మార్చి చివర్లో కాపలా పెట్టాల్సిన సంస్థల జాబితా పంపింది. సెంట్రల్ బ్యాంకు తర్వాత మ్యూజియమే ఉంది అందులో. ట్యాంకులు గేటు ముందుకొచ్చింది ఏప్రిల్ 16న. ఈలోగా 14న జాతీయ గ్రంథాలయం కాలిపోయింది. చమురు మంత్రిత్వ శాఖ ముందు మాత్రం మొదటి నుంచీ సైనికులున్నారు. దోపిడీ గురించి అడిగితే వాషింగ్టన్‌లో రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, అలాంటివి జరుగుతుంటాయిలెమ్మన్నాడు.

పోయిన వస్తువులు పదిహేను వేల దాకా. జూన్‌లో ముగ్గురు మనుషులు కారు డిక్కీలో వర్కా కలశాన్ని ముక్కలుగా తెచ్చి అప్పగించారు. వర్కా స్త్రీ ముఖం అనే శిల్పం సెప్టెంబరులో ఒక తోటలో పాతిపెట్టగా దొరికింది. నిమ్రూద్ బంగారు నగలు మ్యూజియం వాళ్లు ఎప్పుడో సెంట్రల్ బ్యాంకు నేలమాళిగలో దాచారు కాబట్టి, ఆ నేలమాళిగ మురుగునీటితో నిండిపోయినా, బతికాయి. వేల ముద్రలు, బొమ్మలు, పలకల ఆచూకీ ఇప్పటికీ లేదు.

మ్యూజియం సంగతి లోకమంతా రాసింది. బాగ్దాద్‌కు దక్షిణంగా ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న తువైథా గురించి అంతగా రాయలేదు. నాకు ఈ యుద్ధమంతటిలో తలుచుకుంటే నిద్రపట్టని చోటు అదే. ఇరాక్ అణు పరిశోధన కేంద్రం అది. 1981లో ఇజ్రాయెల్ బాంబులేసిన రియాక్టర్ ఉన్నది ఇక్కడే. పాత కార్యక్రమం తాలూకు యురేనియం, అయిదు వందల టన్నుల పైన, పీపాల్లో నింపి గోదాముల్లో పెట్టి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సీలు వేసింది. ఏటేటా వచ్చి లెక్క చూసుకుంటోంది. రహస్యం ఏమీ లేదు, అడ్రసుతో సహా అందరికీ తెలుసు. యుద్ధం రాగానే ఇరాకీ కాపలావాళ్లు పారిపోయారు. అణుబాంబు భయంతో బయలుదేరిన సైన్యం దీని పక్కనుంచే పోయింది. గేటు దగ్గర నికరంగా మనిషిని పెట్టలేదు.

పక్క ఊళ్లోకి రండి. కరెంటు లేదని చెప్పాను కదా. పంపులు ఆగిపోయాయి. నీళ్లు ఎప్పుడొస్తే అప్పుడు పట్టి దాచుకోవాలి, దాచడానికి పాత్ర కావాలి. గోదాము తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల మూత బిగించిన మంచి పీపాలు వందలు. పసుపుపచ్చని పొడి ఉంది వాటిల్లో. అక్కడే గుమ్మరించారు, లేదా వాకిట్లో గుమ్మరించారు. పీపా కడిగారు. నీళ్లు పట్టారు. ఒక ఇంట్లో తాగే నీళ్లు అందులోనే, ఒక ఇంట్లో బట్టలు నానబెట్టారు, ఒక ఇంట్లో పాలు పోశారు. కొన్ని పీపాలు సంతలో రెండు మూడు డాలర్లకు అమ్ముడుపోయాయి. ఆ పొడి ఏమిటో ఆ ఇళ్ల తల్లులకు ఎవరూ చెప్పలేదు. జూన్‌లో గ్రీన్‌పీస్ మనుషులు కొత్త పీపాలు తెచ్చి, ఇవి తీసుకుని అవి ఇవ్వండమ్మా అని ఇంటింటికీ తిరిగారు. అమెరికన్ సైన్యం కూడా డబ్బిచ్చి కొన్ని వెనక్కి కొన్నది. అణుశక్తి సంస్థ వాళ్లను మళ్లీ లోపలికి రానిచ్చాక లెక్క చూస్తే యురేనియంలో చాలావరకు అక్కడే నేలపాలై ఉంది. 2008లో ఆ 550 టన్నుల్ని ఓడలో కెనడాకు పంపించారు.

అల్ ఖఖా అని ఇంకో చోటు. అక్కడ సీలు వేసి ఉంచిన భారీ పేలుడు పదార్థం సుమారు 340 టన్నులు మాయమైంది. దేశమంతటా సద్దాం సైన్యం ఆయుధాగారాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లారీలు పెట్టి తోలుకుపోయారు. షిన్సెకీ అడిగిన ఆ లక్షల మంది ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

జూన్ 18. బాగ్దాద్‌లో సద్దాం పాత రాజభవనం గేటు. లోపల పాల్ బ్రెమర్, ఆక్రమణ పాలకుడు. ఎండ మాడ్చేస్తోంది. గేటు బయట వేలమంది మగవాళ్లు, కొందరు ఇస్త్రీ చొక్కాలతో, కొందరు పాత యూనిఫాం ప్యాంటుతో. మే 23న బ్రెమర్ ఒక్క కాగితం మీద సంతకంతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు. సుమారు నాలుగు లక్షల ఇళ్లలో జీతం ఆగింది. అంతకు వారం ముందు ఇంకో కాగితం, సద్దాం బాత్ పార్టీలో పై మెట్లలో ఉన్నవాళ్లెవరికీ సర్కారు కొలువు ఉండదని. ఆ పార్టీలో చేరకపోతే హెడ్మాస్టరు కూడా కాలేని దేశంలో వేల మంది టీచర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు ఇంటికి పోయారు. గేటు దగ్గర నినాదాలు, రాళ్లు. కాల్పులు. ఇద్దరు మాజీ సైనికులు పడిపోయారు. నెలనెలా కొంత భృతి ఇస్తామన్న ప్రకటన ఆ తర్వాతే వచ్చింది. ఆయుధం పట్టడం నేర్చినవాడు, ఇంట్లో అన్నానికి లేనివాడు, పరువు పోయినవాడు, తలుపులు తీసి ఉన్న ఆయుధాగారం ఏ దారిలో ఉందో తెలిసినవాడు. ఈ నాలుగూ ఒకే మనిషి కావడం బ్రెమర్ కాగితం చేసిన పని. దీన్ని తప్పిదం అనడానికి నాకు మనసొప్పదు. బ్రెమర్‌కు ముందు ఆ కుర్చీలో ఉన్న జే గార్నర్ వద్దని చెప్పాడు. సీఐఏ వాళ్లూ చెప్పారు.

ఆ నెలల్లోనే అమెరికా మన దేశాన్నీ అడిగింది, ఒక డివిజన్ సైన్యం పంపమని. ఢిల్లీలో చాలా తర్జనభర్జన జరిగింది. ఐక్యరాజ్యసమితి స్పష్టంగా ఆదేశిస్తే తప్ప పంపలేమని జులై 14న వాజపేయి ప్రభుత్వం తేల్చేసింది. ఆ మాట వల్ల ఎంతమంది మన పిల్లలు ఏ రోడ్డు పక్క బాంబుకు పోకుండా మిగిలారో లెక్క కట్టలేం.

ఆగస్టు 19, సాయంత్రం నాలుగున్నర. మళ్లీ కెనాల్ హోటల్. ఇన్‌స్పెక్టర్ల గదుల్లో ఇప్పుడు సహాయ సిబ్బంది. పై అంతస్తు మూల గదిలో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి, బ్రెజిల్‌కు చెందిన సెర్జియో వియెరా డి మెలో. కింద హాలులో మందుపాతరల తొలగింపు గురించి విలేకరుల సమావేశం. ఆ కిటికీ కింద సందులోకి ఒక లారీ వచ్చి ఆగింది. తర్వాత శబ్దం. దుమ్ము కాస్త తగ్గాక చూస్తే మేడ ఆ మూల లేదు. స్లాబుల కింద సెర్జియో ప్రాణంతో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, మిగతావాళ్ల గురించి అడుగుతున్నాడు. ఇద్దరు అమెరికన్ సహాయకులు సందులోంచి తలకిందులుగా దిగారు. శిథిలాలు ఎత్తే యంత్రం లేదు. ఒక ఉద్యోగిని హ్యాండ్‌బ్యాగు తీసుకుని, కిటికీ తెర తాడు కట్టి, దాంట్లో రాళ్లు నింపి పైకి లాగించారు. ప్రపంచంలోకెల్లా డబ్బున్న సైన్యం ఆక్రమించిన రాజధానిలో మూడు గంటల సేపు జరిగింది ఇదీ. సెర్జియో బతకలేదు. మొత్తం 22 మంది పోయారు. బాంబులో వాడినవి సద్దాం సైన్యం నాటి పాత ఆయుధాలని ఎఫ్‌బీఐ చెప్పింది. చేయించింది జర్కావీ ముఠా.

ఆ తర్వాతి ఏళ్లు మీకు తెలిసినవే. 2004 జనవరిలో ఆయుధాల అన్వేషణకు అధిపతిగా పనిచేసిన డేవిడ్ కే, మేమంతా దాదాపుగా తప్పే అన్నాడు. ఏప్రిల్‌లో అబూ గ్రైబ్ జైల్లో ఖైదీల్ని హింసించిన ఫొటోలు. ఫలూజా ఊరి మీద రెండుసార్లు దాడి. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో బంగారు గోపురం కూలాక షియా, సున్నీ ఇరుగుపొరుగులు ఒకరి పేరు ఒకరు చూసి చంపుకున్నారు. లక్షల కుటుంబాలు వీధులు మారాయి, దేశాలు మారాయి. 2007 మార్చి 5న పుస్తకాల వీధి ముతనబ్బీలో కారు బాంబు. షాబందర్ అనే పాత టీ కొట్టు యజమాని ఆ రోజు కొడుకులు నలుగుర్ని, ఒక మనవణ్ణి పోగొట్టుకున్నాడు. జర్కావీ పెట్టిన ముఠా పేర్లు మార్చుకుంటూ ఐసిస్ అయింది. రద్దయిన సైన్యంలోని అధికారులు కొందరు అందులో చేరారు. 2014 జూన్‌లో మోసుల్ పడినప్పుడు అక్కడ కూలి పనికి పోయిన 39 మంది భారతీయుల్ని వాళ్లు పట్టుకుపోయి చంపారు. ఆ సంగతి ఇళ్లకు నాలుగేళ్ల తర్వాత గాని తెలియలేదు.

చివరగా రెండు చోట్లకు రావాలి. 2016 జులై 2, రంజాన్ నెల. బాగ్దాద్ కర్రాదా. ఉపవాసం విడిచి జనం పండక్కి పిల్లల బట్టలు కొంటున్నారు, కొట్లలో టీవీల ముందు కుర్రాళ్లు. అర్ధరాత్రి దాటాక ఒక వ్యాను పేలింది, పక్కనున్న షాపింగ్ సెంటర్ మంటలంటుకుంది. లోపల చిక్కుకుని చాలామంది కాలిపోయారు. 300 మందికి పైగా. ఆ వ్యాను దాటొచ్చిన చెక్‌పోస్టుల్లో పోలీసు చేతిలో ఒక పరికరం ఉండేది. ప్లాస్టిక్ పిడి, దానికి ఇటూ అటూ ఊగే యాంటెన్నా. పేలుడు పదార్థం ఉంటే అటు తిరుగుతుందట. లోపల బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు, ఏమీ లేదు. పోయిన గోల్ఫ్ బంతులు వెతికే ఉత్తుత్తి వస్తువు నమూనా మీద బ్రిటన్ వ్యాపారి ఒకడు తయారు చేయించి, ఒక్కోటి వేల డాలర్లకు ఇరాక్‌కు అమ్మాడు. 2013లో లండన్ కోర్టు అతనికి పదేళ్ల శిక్ష వేసింది. మూడేళ్ల తర్వాత కూడా బాగ్దాద్ ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. కర్రాదా తర్వాత ప్రధాని అబాదీ వాటిని తీసెయ్యమన్నాడు.

మూడు రోజులకు, జులై 6న, లండన్‌లో ఈ యుద్ధం మీద బ్రిటన్ జరిపించిన చిల్కాట్ విచారణ నివేదిక బయటికొచ్చింది. ఏడేళ్లు పట్టింది. పన్నెండు సంపుటాలు. హాలులో చనిపోయిన 179 మంది బ్రిటిష్ సైనికుల తల్లిదండ్రులు, భార్యలు. ఇరాకీ తల్లులు లేరు. నమోదైన హింసాత్మక మరణాలు లెక్కేసినా ఇరాక్ పౌరులు రెండు లక్షల దాకా పోయారు, అమెరికా సైనికులు నాలుగున్నర వేలకు దగ్గరగా. చిల్కాట్ మెల్లగా, గొంతు పెంచకుండా చదువుతున్నాడు. శాంతి మార్గాలన్నీ అయిపోకముందే దాడికి దిగారు. అప్పటికప్పుడు సద్దాం వల్ల ముప్పేమీ లేదు. ఆయుధాలు ఉన్నాయని చెప్పడంలో చూపించిన నిశ్చయం ఆధారాలకు మించినది. దాడి తర్వాతి సంగతులకు చేసిన ఏర్పాట్లు ఏ మాత్రం చాలవు. అంతర్యుద్ధం వస్తుందని, ఇరాన్ చొరబడుతుందని, అల్ ఖాయిదా కాలూనుతుందని ఎవరనుకున్నారు అంటే కుదరదు, ఇవన్నీ దాడికి ముందే చెప్పినవే, కాయితాల మీద ఉన్నవే.

ఆ మధ్యాహ్నం బ్లెయిర్ విలేకరులతో దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. విచారం వ్యక్తం చేశాడు, గొంతు బొంగురుపోయింది. అవే సంగతులు మళ్లీ ఎదురైతే మళ్లీ అదే నిర్ణయం తీసుకుంటానన్నాడు. ఇరాక్‌లో తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న ఒకామె కెమెరాల ముందుకొచ్చి, లోకం తెలుసుకోవాల్సిన టెర్రరిస్టు ఒకడున్నాడని, ప్రపంచంలోకెల్లా ఘోరమైన టెర్రరిస్టు అతనేనని, బ్లెయిర్ పేరు చెప్పింది.